హుడ్ కింద సంగతులు: పాత మజిల్ కార్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఉంటున్న మన పాఠకులవే. 1964, 1972 మధ్య తయారైన వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజినున్న) కార్లు కొనుక్కుని శని, ఆదివారాలు గ్యారేజీలో కుస్తీ పడుతున్నవాళ్లు. హైదరాబాదు నుంచి కూడా ఒక ఉత్తరం ఉంది. ఒకే బాధ ఇద్దరు ముగ్గురు రాస్తే కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: 1966 ముస్టాంగ్ కొన్నాను, 289 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. కారు కడిగినప్పుడల్లా పాసింజర్ వైపు కార్పెట్ తడిసిపోతోంది. హీటర్ కోర్ పోయిందని మెకానిక్ చెబితే మార్పించాను. అయినా తడి ఆగలేదు. — ఎస్. వి., ప్లానో, టెక్సాస్

హీటర్ కోర్ కారితే వచ్చేది కూలెంట్. వేలికి జిగటగా తగులుతుంది, తియ్యటి వాసన వేస్తుంది, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర పడుతుంది. మీకు వస్తున్నవి మామూలు నీళ్లు, అదీ కడిగిన రోజే. కాబట్టి కోర్ సంగతి వదిలేయండి. 1965 నుంచి 1968 దాకా వచ్చిన ముస్టాంగ్‌లకు పుట్టుకతో ఉన్న జబ్బు ఇది: కౌల్ తుప్పు.

ముందు అద్దానికీ హుడ్‌కీ మధ్య సన్నటి చీలికలున్న రేకు కనిపిస్తుంది కదా, దాని కింద కారు వెడల్పునా ఒక డొల్ల ఉంటుంది. వాన నీళ్లు అందులో పడి రెండు చివర్ల నుంచీ ఫెండర్ల వెనకగా కిందికి దిగిపోవాలి. కారు లోపలికి గాలి వెళ్లే రంధ్రాలు రెండూ ఆ డొల్ల అడుగునే ఉన్నాయి: డ్రైవర్ వైపు వెంట్‌కి ఒకటి, పాసింజర్ వైపు హీటర్‌కి ఒకటి. నీళ్లు వాటిలో పడకుండా రేకును చుట్టూ గట్టులా పైకి లేపారు. ఆ గట్టు మొదట్లో ఆకులు, మట్టి పేరుకుంటాయి. తడి ఆరదు. ఫ్యాక్టరీలో పెయింటు సరిగా అందని చోటు అదే. ఇరవై, ముప్పై ఏళ్లకు గట్టు మొదలంతా జల్లెడైపోతుంది.

ఖాయం చేసుకోవడానికి ముందు కార్పెట్, దాని కింది ప్యాడ్ ఎత్తేయండి. పాసింజర్ వైపు గట్టు చూడాలంటే హీటర్ బాక్స్ దించక తప్పదు. ఒకరు టార్చిలైటుతో డ్యాష్ కింద పడుకోవాలి. ఇంకొకరు గొట్టంతో సన్నటి ధారగా కౌల్ చీలికల్లోకి మాత్రమే నీళ్లు వదలాలి, అద్దం రబ్బరు మీద పడనివ్వకూడదు. కౌల్‌లో పోసినప్పుడు కారకుండా అద్దం అంచున పోసినప్పుడే కారితే మీరు అదృష్టవంతులు, రబ్బరు గ్యాస్కెట్‌తో పని అయిపోతుంది.

గట్టు దగ్గరే కారితే దారులు రెండు. కింది నుంచి అతికించే ప్లాస్టిక్ టోపీలు దొరుకుతాయి. సీలెంట్ పట్టించి బిగిస్తే కొన్నాళ్లు ఆపుతాయి గానీ తుప్పు లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అమ్మేసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే, అందుకే కొనేటప్పుడు డ్యాష్ కింద తల పెట్టి ఆ టోపీలున్నాయేమో చూడమంటాం. అసలు మరమ్మతంటే హుడ్, ఫెండర్లు, ముందు అద్దం తీసి, కౌల్ పై రేకును పట్టి ఉంచిన స్పాట్ వెల్డ్‌లు ఒక్కొక్కటీ కట్టర్‌తో కోసి, రేకు లేపాలి. కింది రేకు మార్చి ఎపాక్సీ ప్రైమర్, అతుకులకు సీమ్ సీలర్ పట్టించి మళ్లీ వెల్డ్ చేయాలి. వెల్డ్ పడే చోట్ల మాత్రం వెల్డ్-త్రూ ప్రైమరే వాడాలి. ఖర్చులో సింహభాగం కూలీదే, రేకులది కాదు. ఎలాగూ విప్పారు గనక నేల రేకు, డ్రైవర్ పాదాల ముందు వాలుగా లేచే భాగం, మూలల్లోని టార్క్ బాక్సులు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. కౌల్ కారిన కారులో అవి బాగుండటం అరుదు.

ప్రశ్న: 1969 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) 396 అమ్మకానికి వచ్చింది. "నంబర్లన్నీ సరిపోతాయి" అంటున్నాడు. విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) చూసి నమ్మొచ్చా? — కె. ఆర్., ఎడిసన్, న్యూజెర్సీ

ఆ సంవత్సరం కారుకు నమ్మకూడదు. 1966, 67, 68 షెవెల్‌లలో ఎస్ఎస్ 396 ఒక ప్రత్యేక మోడల్, విన్ 138తో మొదలవుతుంది, పేచీ లేదు. 1969 నుంచి ఎస్ఎస్ కేవలం ఒక ఆప్షన్ ప్యాకేజీ. మాలిబు ఎస్ఎస్‌కీ మామూలు మాలిబుకీ విన్ ఒకేలా 136తో మొదలవుతుంది. బ్యాడ్జీలు, హుడ్ కొత్తవే మార్కెట్లో దొరుకుతున్నాయి కాబట్టి అవి సాక్ష్యం కావు.

చూడాల్సింది తేదీల వరస. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య గోడ) మీద బిగించిన ట్రిమ్ ట్యాగ్ అనే రేకులో 11సి అనుంటే బాడీ నవంబరు మూడో వారానిది. ఇంజిన్ బ్లాక్‌లో పోత పోసినప్పుడే పడే తేదీ ఉంటుంది: జనవరికి ఏ, ఫిబ్రవరికి బి, అలా డిసెంబరుకు ఎల్. కె 14 8 అంటే 1968 నవంబరు 14. బ్లాక్ తేదీ బాడీ తేదీకి కొన్ని రోజులో వారాలో ముందుండాలి. తర్వాతిదైతే ఆ ఇంజిన్ ఆ కారుతో పుట్టలేదు. ఆ పైన కుడి సిలిండర్ హెడ్ ముందు చదునైన పట్టీ మీద కొట్టిన అంకెలు చూడండి. కారు విన్‌లోని చివరి అంకెలు అక్కడ ఉండాలి, పట్టీ మీద ఫ్యాక్టరీ కోత మిషన్ వదిలిన సన్నటి సమాంతర గీతలూ ఉండాలి. అద్దంలా నున్నగా మెరుస్తోందంటే ఎవరో గీకేసి కొత్త అంకెలు కొట్టారన్నమాట. వెనక యాక్సిల్ కవర్‌కు 12 బోల్టులున్నాయా, 10 ఉన్నాయా? ఎస్ఎస్‌కు 12. బిల్డ్ షీట్ అనే కాగితం పెట్రోల్ ట్యాంకు మీదో సీటు స్ప్రింగుల్లోనో ఇరుక్కుని ఉండే అవకాశం ఉంది. అన్నిటికన్నా గట్టి రుజువు అదే.

పాంటియాక్ కొనేవాళ్లకు ఇంత యాతన లేదు. విన్ పంపి ఫీజు కడితే పీహెచ్ఎస్ అనే సంస్థ ఆ కారు బిల్లింగ్ కాగితాల నకలు ఇస్తుంది. 1964, 65 జీటీఓ కొనాలంటే అది తప్పనిసరి, ఎందుకంటే ఆ రెండేళ్లూ జీటీఓ కూడా లెమాన్స్ అనే మోడల్ మీద ఆప్షనే. క్రైస్లర్, ఫోర్డ్ కార్లలో విన్‌లోని అయిదో అక్షరమే ఇంజిన్ ఏదో చెబుతుంది. క్రైస్లర్ వారి 1970 డాడ్జ్, ప్లిమత్‌లలో అక్కడ 'ఆర్' ఉంటే 426 హెమీ, 'వి' ఉంటే 440 సిక్స్ ప్యాక్.

నకలు ఎస్ఎస్ కొనడం నేరమేమీ కాదు. నడపడానికి హాయిగానే ఉంటుంది. మాలిబు ధరకు కొంటే చాలు.

ప్రశ్న: మా 1966 జీటీఓకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ముందు ఇంజిన్ శక్తి పెంచాలని ఉంది. బ్రేకుల సంగతి తర్వాత చూసుకోవచ్చా? — పి. ఎన్., ఆల్ఫరెటా, జార్జియా

కుదరదు. ఆ కారు మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే బ్రేకులకు ఒత్తిడి పంపే భాగం) ఒకటే గది. వెనక చక్రం దగ్గర రబ్బరు గొట్టం ఒకటి పగిలినా నాలుగు చక్రాల ఒత్తిడీ ఒక్కసారే పోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. పాంటియాక్ ఈ కారుకు రెండు గదుల మాస్టర్ సిలిండర్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఇచ్చింది 1967లో. మీ కారు దానికి ఒక్క ఏడాది ముందుది.

డ్రమ్ములు ఉంచినా సరే, ముందు 1967 తరహా రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించండి. ముందు చక్రాలకు ఒక లైను, వెనక వాటికి ఒక లైను విడగొట్టాలి. బిగించే ముందు సిలిండర్‌ను వైస్‌లో చదునుగా పట్టి, అవుట్‌లెట్ల నుంచి చిన్న గొట్టాలు మళ్లీ గదుల్లోకే పెట్టి, పిస్టన్‌ను నెమ్మదిగా నొక్కుతూ బుడగలు పూర్తిగా ఆగేదాకా గాలి తీయాలి. ఈ పని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత చక్రాల దగ్గర ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే ఉందని రాస్తుంటారు. డ్రమ్ములకు లైనులో సుమారు 10 పీఎస్ఐ మిగిల్చే చిన్న వాల్వ్ ఉండాలి, అది వీల్ సిలిండర్ కప్పులు ముడుచుకోకుండా చూస్తుంది. ముందు చక్రాలకు డిస్కులు వేస్తే ఆ లైనులోంచి ఆ వాల్వ్ తీసేయాలి. లేదంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కిపోతాయి.

బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 3 లేదా డాట్ 4 రకం వాడి రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. పెయింటు మీద పడినా తినదని కొందరు సిలికాన్ రకం డాట్ 5 పోస్తారు. పాతదానితో అది కలవదు. పోయదలిస్తే రబ్బరు భాగాలన్నీ కొత్తవి వేసి, పొడి లైన్లలోనే పోయాలి.

ప్రశ్న: 1970 రోడ్ రన్నర్, 383. ఇంజిన్ రీబిల్డ్ చేయించి కొత్త క్యామ్ వేయించాం. వెయ్యి మైళ్లు తిరగకముందే టిక్ టిక్ మొదలైంది, వాల్వులు సర్దినా మళ్లీ వస్తోంది. ఏ ఆయిల్ వాడాలి? — డి. ఎమ్., కాంటన్, మిషిగన్

ఆయిల్ తర్వాత. ముందు ఇంజిన్ నడపడం ఆపండి. ఆయిల్ ఫిల్టర్ విప్పి, డబ్బా కోసి, మడతల కాగితం పరచి అయస్కాంతం ఆడించండి. బూడిద రంగు ముద్దలా అంటుకుంటే అది క్యామ్ లోబ్ (క్యామ్ మీద వాల్వును లేపే ఉబ్బు) అరిగి వచ్చిన ఇనుము. ఆ తర్వాత వాల్వ్ కవర్లు తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కో పుష్‌రాడ్ ఎంత లేస్తోందో డయల్ ఇండికేటర్‌తో కొలవండి. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ లేస్తే అనుమానం తీరినట్టే. అప్పుడు క్యామ్, లిఫ్టర్లు (లోబ్‌కీ పుష్‌రాడ్‌కీ మధ్య ఉండే ముక్కలు) మాత్రం మార్చేసి మూసేయకండి. ఆ ఇనుప పొడి బేరింగుల్లోకి, ఆయిల్ పంపులోకి చేరి ఉంటుంది. బ్లాక్ మొత్తం విప్పి కడగాలి.

ఎందుకిలా? ఈ ఇంజిన్లలో లిఫ్టర్ అడుగుకు రోలర్ లేదు, నేరుగా లోబ్ మీద రాసుకుంటుంది. లోబ్‌కు కనిపించనంత వాలు, లిఫ్టర్ అడుగుకు కొంచెం ఉబ్బు పెడతారు, దానివల్ల లిఫ్టర్ తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. తిరగడం ఆగిన లిఫ్టర్ నిమిషాల్లో లోబ్‌ను తినేస్తుంది. లోహానికీ లోహానికీ మధ్య రక్షణగా నిలిచేది ఆయిల్‌లోని జింకు, భాస్వరం కలిసిన జెడ్‌డీడీపీ. భాస్వరం క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుందని కొత్త ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. డబ్బా మీద 'ఎస్‌పీ' అని ఉండే 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిళ్లలో భాస్వరం 800 పీపీఎమ్ దాటకూడదు. మీ క్యామ్‌కు 1000 నుంచి 1400 దాకా కావాలి. డబ్బా మీద 'రిసోర్స్ కన్సర్వింగ్' అని ఉంటే వద్దు. పాత కార్ల కోసమే చేసిన 10డబ్ల్యూ-40 గానీ రేసింగ్ రకం 20డబ్ల్యూ-50 గానీ జింకు ఎంతో చూసి కొనండి, మిషిగన్ చలికి మొదటిదే మేలు. విడిగా దొరికే జింకు సీసాలు మంచి ఆయిల్‌లో మళ్లీ గుమ్మరించకండి, 2000 దాటితే మేలు పోయి కీడు మొదలవుతుంది.

కొత్త క్యామ్ చచ్చేది చాలాసార్లు మొదటి అరగంటలోనే. కొత్త క్యామ్‌కు కొత్త లిఫ్టర్లే వేయాలి. లోబ్‌లకు, లిఫ్టర్ అడుగులకు మాలిబ్డినమ్ పేస్టు పట్టించండి. వాల్వులకు జంట స్ప్రింగులుంటే బ్రేక్-ఇన్ అయ్యేదాకా లోపలివి తీసి ఉంచండి. డిస్ట్రిబ్యూటర్ పెట్టకముందు ఆయిల్ పంపు డ్రైవ్‌ను డ్రిల్‌తో, డిస్ట్రిబ్యూటర్ తిరిగే దిశలోనే తిప్పి, రాకర్ల దగ్గర ఆయిల్ వచ్చేదాకా పంపు చేయండి. కార్బొరేటర్ గిన్నెల్లో పెట్రోల్ నింపండి, రేడియేటర్ నింపండి, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందే సరిచూసుకోండి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. స్టార్టర్‌తో పదేపదే తిప్పుతూ కూర్చుంటే పట్టించిన పేస్టంతా తుడిచిపెట్టుకుపోతుంది. అంటుకున్న క్షణమే 2000 ఆర్‌పీఎమ్‌కు తీసుకెళ్లి, 2000, 2500 మధ్య మారుస్తూ ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉంచండి. ఐడిల్‌కు మాత్రం దించకండి, లోబ్‌ల మీదికి ఆయిల్ ఎక్కువగా క్రాంక్ విసిరే తుంపరగానే వస్తుంది, ఐడిల్‌లో అది చాలదు. ఎక్కడైనా కారితే ఇంజిన్ ఆపేసి సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. అయ్యాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయండి.

ప్రశ్న: 1971 ఛాలెంజర్‌కు 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టించాను. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే డ్యాష్ వెనక కాలిన వాసన వస్తోంది. — ఆర్. జె., చార్లట్, నార్త్ కరొలైనా

ఆ వాసన తేలిగ్గా తీసుకోకండి. సరిచేసేదాకా రాత్రిపూట నడపొద్దు, గ్యారేజీలో పెట్టినప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

క్రైస్లర్ ఆ రోజుల్లో చార్జింగ్ కరెంటు మొత్తాన్ని ఫైర్‌వాల్‌లోని ప్లాస్టిక్ కనెక్టర్ గుండా లోపలికి తెచ్చి, డ్యాష్‌లోని ఆమీటర్ (కరెంటు కొలిచే మీటరు) గుండా పోనిచ్చి, మళ్లీ అదే కనెక్టర్ గుండా బ్యాటరీకి పంపింది. కనెక్టర్‌లో ఉన్నవి మామూలు పావు అంగుళం రేకు పిన్నులు. యాభై ఏళ్ల తుప్పుతో వాటి నిరోధం పెరిగింది, మీరు వాటి మీదికి రెట్టింపు కరెంటు తోశారు. కనెక్టర్ విప్పి చూస్తే లావు నల్ల తీగ, ఎర్ర తీగ ఉన్న చోట్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కరిగి ఉంటుంది.

ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ నుంచి నేరుగా స్టార్టర్ రిలే మీద బ్యాటరీ తీగ ఉన్న బోల్టుకు 8 గేజ్ తీగ లాగండి. దానికి రక్షణగా 12 గేజ్ ఫ్యూజిబుల్ లింక్ (కరెంటు మించితే ఫ్యూజులా కరిగే తీగ ముక్క). లింక్ ఎప్పుడూ తీగకన్నా నాలుగు నంబర్లు సన్నగా ఉండాలి. ఆమీటర్ వెనక రెండు తీగలూ విప్పి ఒకే బోల్టుకు కలిపి బిగించి, హీట్ ష్రింక్ తొడగండి. కరిగిన పిన్నులు మార్చండి. ఆమీటర్ ముల్లు ఇక కదలదు, చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి పెట్టుకోండి: ఇంజిన్ నడుస్తుంటే 13.8, 14.4 మధ్య చూపిస్తే అంతా బాగున్నట్టే. హెడ్‌లైట్లకు విడిగా రిలేలు వేస్తే డ్యాష్ స్విచ్ మీది భారమూ తగ్గుతుంది.

ప్రశ్న: హైవే మీద చల్లగా ఉంటుంది, ట్రాఫిక్‌లో ఆగితే 230 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పోతుంది. 1968 కమారో, 327. పెద్ద రేడియేటర్ కొనాలా? — టి. ఎల్., ఫీనిక్స్, అరిజోనా

హైవే మీద చల్లగా ఉందంటే రేడియేటర్ సరిపోతోంది, చాలనిది గాలి. ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే గూడు) ఉందా? చాలా కార్లలో ఎవరో ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. రెక్కలు ష్రౌడ్‌లో సగం లోపల, సగం బయట ఉండాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. నిరోధం లేకుండా గిరగిరా తిరిగితే ఫ్యాన్ క్లచ్ పోయింది. ఈ రెండూ బాగుంటే టైమింగ్ చూడండి, ఐడిల్‌లో టైమింగ్ వెనకబడితే వేడంతా ఎగ్జాస్ట్ వైపు పోయి నీళ్లు కాగిపోతాయి. వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం ఊడిపోయినా ఇదే జరుగుతుంది. పాత గేజ్ మాట నమ్మేముందు థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడండి. మీ బాధ తలకిందులై, ఆగినప్పుడు చల్లగా, హైవే మీద వేడిగా ఉంటే అప్పుడు రేడియేటర్ పూడిక, ముడుచుకుపోయే కింది గొట్టం వైపు చూడాలి.

ప్రశ్న: మజిల్ కారు కాదు గానీ, తాతగారి 1964 ఇంపాలా ఉంది, 283 ఇంజిన్. పాత ఆంధ్రప్రదేశ్ నంబరు. ఇప్పుడు బంకుల్లో ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే. పోయొచ్చా? వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలా? — సి. కె., హైదరాబాదు

ఆక్టేన్ భయం లేదు. కంప్రెషన్ 9.25 చుట్టుపక్కలే, ఈ20 ఆక్టేన్ దానికి చాలు. చిక్కు రబ్బరుతో, మిశ్రమంతో. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ యాక్సిలరేటర్ పంపు కప్పు, రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయండి. ట్యాంకులో పేరుకున్న పాత జిగురును ఇథనాల్ కరిగించి ముందుకు తోస్తుంది కాబట్టి మొదటి రెండు ట్యాంకుల తర్వాత ఫిల్టర్ తప్పకుండా మార్చండి. ఇథనాల్ లేని పెట్రోల్‌కు గాలి 14.7 వంతులు కావాలంటే ఈ20కి సుమారు 13.5 చాలు, అంటే పాత జెట్లతో మిశ్రమం పల్చబడుతుంది. తొక్కగానే తడబడటం, కార్బొరేటర్‌లోంచి తుమ్మినట్టు రావడం దాని గుర్తులు. రోచెస్టర్ కార్బొరేటర్‌లో జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే ముక్క) నంబరు అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో రంధ్రం కొలత. 51 ఉంటే 53 వేయండి, రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరుగుతుంది, లెక్క సరిపోతుంది. ప్లగ్గులు విప్పి చూడండి: తెల్లగా పాలిపోతే ఇంకా పల్చన, లేత గోధుమ రంగైతే సరి. నెలల తరబడి నిలిపేస్తే కార్బొరేటర్ ఎండేదాకా నడిపి ఆపండి, ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, పొడిగింపుకు 5,000. ముందే నంబరున్న కారు ఆ నంబరునే ఉంచుకోవచ్చు, కొత్తగా నమోదయ్యేవాటికే 'వీఏ' అక్షరాల నంబరు. షరతు ఒకటుంది: ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, పెట్రోల్ కోసం తప్ప మామూలు తిరుగుడుకు రోడ్డెక్కకూడదు. ఆదివారం పూట ఇంటిల్లిపాదీ ఎక్కి ట్యాంక్‌బండ్ చుట్టి రావాలన్న కోరిక ఉంటే సంతకం పెట్టేముందు ఆ షరతు చదవండి.

ప్రశ్న: చలికాలం నాలుగు నెలలూ కారు గ్యారేజీలోనే. వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేయమంటున్నారు. — బి. ఎస్., నేపర్‌విల్, ఇల్లినాయ్

వద్దు. అయిదు నిమిషాల్లో ఆయిల్ వేడెక్కదు. ఇంజిన్‌లో పుట్టిన తేమ క్రాంక్‌కేసులో, సైలెన్సర్‌లో మిగిలి తుప్పు తెస్తుంది. నిలిపే ముందు ఆయిల్ మార్చి, ట్యాంకు నిండా పెట్రోల్ పోయించి, స్టెబిలైజర్ కలిపి పది మైళ్లు తిప్పండి. బ్యాటరీకి ఆటోమేటిక్ మెయింటెయినర్ తగిలించండి. సైలెన్సర్ గొట్టానికి, ఎయిర్ క్లీనర్ ముక్కుకు స్టీల్ ఊల్ కుక్కితే ఎలుకలు దూరవు. కుక్కినట్టు స్టీరింగ్‌కు చీటీ కట్టండి.

ప్రశ్న: 1968 ఛార్జర్. ఎడమవైపు చక్రాల నట్లు ఎంత బలం పెట్టినా రావడం లేదు. — ఎమ్. వై., శాన్ హోసే, కాలిఫోర్నియా

బిగిస్తున్నారు మీరు. 1970 దాకా క్రైస్లర్ కార్లకు ఎడమవైపు చక్రాల స్టడ్లకు ఎడమ మరలే. స్టడ్ కొస మీద 'ఎల్' అక్షరం ఉందేమో తుడిచి చూసి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి, వస్తాయి. ఇప్పటికే ఇంపాక్ట్ గన్ వాడి ఉంటే ఆ స్టడ్లు సాగి ఉంటాయి, మార్పించండి. టైర్ల షాపులో కారు వదిలేటప్పుడు ఈ సంగతి రాసిన కాగితం ముక్క ఎడమ చక్రం మీదే అంటించండి.